రుద్దకుండ ఉండుడు

ఆదివారం రాత్రి, సజ్జా లేబర్ క్యాంపు

సెలవు గదా, నా రూంల ఉండే ఖాదర్ భాయ్ ఇయ్యాల నన్ను గుంజుకపోయి క్లినిక్‌ల కూసోబెట్టిండు. నా చెంపల మీది మొటిమలు సూసి, మొఖం దేనితోని కడుగుతరని డాక్టరమ్మ హిందీల అడిగింది. వర్క్‌షాపుల చేతుల గ్రీజు పోవుటానికి పెట్టే గరుకు పేస్టుతోని అన్న. ఆమె పెన్ను కింద పెట్టింది. ఖాదర్ భాయ్ నవ్విండు. నాకు కోపమొచ్చింది. పొద్దంతా ఇనుము తుప్పు గీకేటోన్ని, ఏదైనా రుద్దితేనే పోతదనుకుంట గదా!

ఒక సూది ఇచ్చి ఖలాస్ చెయ్యమన్న. అట్ల కాదంట. మెత్తటి సబ్బు, రాత్రికి పల్చగ క్రీము, గిల్లుడు బంద్. ఈ ఎడారి దేశం ఎండకు నల్లా నీళ్లు మసలుతయి కాబట్టి ముందే బకెట్ల పట్టి సల్లార్చి కడుక్కోవాలె. తగ్గుటానికి నెలలు పడ్తదంట.

మొఖం గిట్లయిన కాన్నుంచి నా భార్య లావణ్యతోని వీడియో కాల్ బంద్ చేసిన, నెట్ లేదని చెప్పుకుంట. సాయంత్రం ధైర్యం జేసి కెమెరా పెట్టిన. ఫోన్ దగ్గరికి గుంజుకొని సూసింది.

"గింతేనా? పని కాడ ఏదో దెబ్బ తాకింది, దాస్తున్నవ్ అనుకున్న. కంటికి నిద్ర లేదు నాకు," అని ఏడ్సింది.

క్రీము పెట్టుకున్న. ఈ డైరీ రాసుకుంట రాసుకుంటనే చెయ్యి చెంప మీదికి పోతున్నది, ఆపుతున్న.

లావణ్య కండ్ల కింద మస్తు నల్లగైంది. అది తగ్గుటానికి ఎన్ని నెలలు పడ్తదో...