రెండోసారి కొట్టిన కమాండ్

జూన్ 9, సోమవారం

అప్‌డేట్ చేశాను. చేయమని ఎవరన్నారు? ఎవరూ అనలేదు. స్క్రీన్ అడిగింది, అది చూపించిన కమాండ్ కొట్టేశాను. అదీ నా తెలివి. మా వినికిడి క్లినిక్‌లో పసిపిల్లల చెవులు పరీక్షించే మెషీన్ ఇప్పుడు ఆన్ అవుతుంది గానీ, తలకు అంటించే వైర్ల సిగ్నల్ చదివే కార్డు దానికి కనిపించడం లేదు. గురువారం అక్క తన మూడు నెలల పాపను తీసుకొస్తోంది. తలుపు ధడాలున పడ్డా పాప ఉలిక్కిపడటం లేదట. పిన్ని పోలికే, నిద్రమొద్దు అని బావ నవ్వేస్తున్నాడట.

సాయంత్రం 4

కంగారులో అదే కమాండ్ ఇంకోసారి కొట్టాను. ఏమీ మారలేదు.

జూన్ 10

మెషీన్ బిగించి వెళ్లిన ఇంజనీరుకు ఫోన్ చేశాను. మెషీన్ లేచేటప్పుడు వచ్చే బూట్ మెనూలో 'పాతది' అనే లైను ఎంచుకోమన్నాడు. పాత కెర్నెల్‌తో, అంటే మెషీన్‌ను నడిపే అసలు ప్రోగ్రాంతో, లేస్తే కార్డు దానంతటదే పలుకుతుందట. పలకలేదు. పాతదాని లైనులోనూ కొత్తదే వచ్చి కూర్చుంది! ఎన్నిసార్లు కొట్టావమ్మా అని అడిగాడు. రెండుసార్లన్నాను. మొదటిసారి కొట్టినప్పుడు కొత్తది ముందుకొచ్చి, ఉన్నది 'పాత' లింకులోకి జరిగిందట. రెండోసారి ఆ కొత్తదే అందులోకీ జరిగిందట. మరి అసలు పాతది ఏమైనట్టు? నా బుర్ర తిరిగిపోతోంది.

డాక్టరమ్మకు చెప్పలేదు. భయం.

జూన్ 11

పాతది ఎక్కడికీ పోలేదు. లింకంటే ఉత్త పేరేనట. అసలు ఫైలు బూట్ ఫోల్డర్‌లోనే దాని నంబరుతో పడి ఉంది. లింకు దానివైపు తిప్పి రీబూట్ చేశాను. కెర్నెల్ ప్యానిక్ అంది. నా పరిస్థితీ అదే. లేచేటప్పుడు కెర్నెల్‌కు తోడుగా ఉండాల్సిన ఇనిట్‌ఆర్‌డీ ఫైలు లింకు కూడా తిప్పాలని ఎవరు చెప్పారు? ఇంజనీరు చెప్పాడు. నేనే రాసుకోలేదు. మెనూలో ఆ 'పాతది' లైనుతోనే లేపి అదీ తిప్పాను.

మధ్యాహ్నం 3:20

కార్డు కనిపించింది! కుర్చీలోంచి లేచి గంతేశాను. ఊడుస్తున్న ఆయమ్మ ఓ చూపు చూసి తలుపు వేసి వెళ్లిపోయింది.

జూన్ 12

పాప నిద్రపోయింది. రెండు చెవులూ చూశాను. చెవికి శబ్దం అందితే లేవాల్సిన గీత స్క్రీన్ మీద లేవలేదు. లింకులు చూశాను, సరిగ్గానే ఉన్నాయి. రీబూట్ చేసి మళ్లీ పెట్టాను. లేవలేదు. మెషీన్‌తోనే ఏదో గొడవ, నిన్ననే బాగుచేశాం అని అక్కతో అన్నాను. అక్క నమ్మింది. నేనూ నమ్మేద్దామనే చూస్తున్నాను.

1:10

వాళ్లను బయట కూర్చోబెట్టి వైర్లు నా తలకు అంటించుకున్నాను.

గీత చక్కగా లేచింది.