పగ్గాలిచ్చిన చెయ్యి

ఎమ్మిగనూరు,
12 అక్టోబరు 2025

గౌరవనీయులైన రవికుమార్ సార్ గారికి,

మగ్గం ఉచ్చీరప్ప భార్య నాగవేణి నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం క్షేమంగానే ఉన్నాం. అక్కడ మీరూ, మేడమ్ గారూ, మీ కాలేజీ పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఈ కాలంలో ఉత్తరమేమిటా అనుకోకండి. ఫోన్ చేద్దామంటే మా ఇల్లు ఎంతని? పొయ్యి దగ్గర గుసగుసలాడినా మగ్గం గుంటలో కూర్చున్న మనిషికి వినబడుతుంది. రేపు ఆదోనిలో మా పిన్నమ్మను చూడబోతున్నాను, అక్కడే పోస్టులో వేస్తాను.

మీరు రెండుసార్లు ఫోన్ చేసినా ఆయన ఎత్తలేదు. కోపం తెచ్చుకోకండి. మీ తరగతి గది గోడకు అడిగిన గుడ్డ దాదాపు అయిపోయింది. గుర్రాలు ఎంత బాగా కుదిరాయో చెప్పలేను సార్. ముక్కుపుటాల్లోంచి నిప్పులు కక్కుతున్నాయని మీరన్నారు కదా, అందుకని ఎర్రదారం పక్కన పసుపు దారం కలిపాడు. దగ్గరికి పోతే ఒళ్లు జలదరిస్తుంది.

మొదటిరోజు గుర్తుందా? మీరు తెచ్చిన రోమ్ సూర్యుడి రథం బొమ్మ చూసి, సూర్యునికి ఏడు గుర్రాలు గదా సార్, మీ రోమోళ్లు మూడింటిని యాడ పోగొట్టుకున్యారు అని ఆయన అడిగితే మీరు పడీ పడీ నవ్వారు. వాళ్ల పాత కావ్యాల్లో నాలుగేనని చెప్పి, నాలుగింటికీ పేర్లు చెప్పారు. నాకు ఒక్కదానికీ నోరు తిరగలేదు. రెక్కల గుర్రం గురించి చెబితే, అంత గుర్రానికి దాణా ఎంత పెడ్తాండిరో పాపం అని ఎకసెక్కాలాడాడు. అప్పటికి ఆయన నవ్వగా చూసి మూడేళ్లయింది సార్. మీరు అప్పుడే లేచి వెళ్లిపోయి ఉంటే ఎంత బాగుండేదో.

తర్వాత మీరు ఈ గుడ్డ మీది కథ చెప్పారు. సూర్యుడి కొడుకు వచ్చి ఒక్కరోజు రథం తోలతానని అడిగాడు. ఏమడిగినా ఇస్తానని తండ్రి ముందే ఒట్టు పెట్టుకున్నాడు. వద్దురా, ఇంకేదైనా కోరుకోరా అని బతిమాలాడు. వాడు వినలేదు. చేసేది లేక వాడి ముఖం కాలకుండా మందు పూసి, కొరడా ముట్టొద్దు, పగ్గాలు గట్టిగా పట్టుకో అని చేతిలో పెట్టాడు. గుర్రాలకు రథంలో బరువు చాలలేదు. ఇది రోజూ తోలే చెయ్యి కాదని వాటికి తెలిసిపోయింది. దారి తప్పి పరుగెత్తాయి, భూమి అంటుకుంది, చివరకు దేవతల రాజు పిడుగుతో పిల్లవాణ్ణి కూల్చేశాడు.

అక్కడ ఆయన చేతిలో అటూ ఇటూ దారం తోసే నాడె ఆగిపోయింది. తండ్రి గూడా ఎక్కింటే ఆ గుర్రాలు మాటింటాండెనా సార్ అని అడిగాడు. కావ్యంలో దానికి జవాబు లేదన్నారు మీరు. టీ తెస్తానని లేచిపోయిన మనిషి మీ బస్సు పోయేదాకా ఇంటికి రాలేదు.

మీకు తెలియదు సార్, మీ తప్పేమీ లేదు. మాకు ఉదయ్ అని ఒక్కగానొక్క కొడుకు ఉండేవాడు. మూడేళ్ల కిందట శ్రావణంలో, ఉరుకుంద తిరునాళ్లకని వాళ్ల నాయన మోటర్‌సైకిల్ మీద పోతూ లారీ కింద పడ్డాడు. పంతొమ్మిదేళ్లు. బండి సరిగా తోలడం కూడా రాదు. దినాలకు వచ్చిన మా నందవరం వదిన మల్లేశ్వరి అందరి ముందూ, పిల్లోనికి తాళం ఎవురిచ్చినారు సెప్పండి అని నిలదీసింది. ఆయన తల వంచుకుని, నేనే ఇచ్చినా అన్నాడు. ఆ రోజు నుంచి చుట్టాలకు ఆయన కొడుకును చంపుకున్న తండ్రి. పెళ్లికి పోడు, పేరంటానికి పోడు. ఆ బండి ఇప్పటికీ పోలీసు స్టేషన్ ఆవరణలో తుప్పుపట్టి పడి ఉంది. యజమాని చనిపోతే పాడె వెంట కన్నీళ్లు కార్చుకుంటూ నడిచిన గుర్రం గురించి కూడా చెప్పారు కదా. ఆ దారిన పోయినప్పుడల్లా అది గుర్తొచ్చి, బండి వైపు చూడకుండా పోతాను.

ఈ గుడ్డ మీది బొమ్మ అడ్డంగా నేసేది, ఒక కొస నుంచి ఒక్కొక్కరే వస్తారు. ముందు గుర్రాలు, తర్వాత రథం, ఆ వెనక పిల్లవాడు, ఆఖరున పగ్గాలు అందించే తండ్రి. పిల్లవాడి దాకా అయింది. చెయ్యి చాచి నిలబడ్డాడు. ఆ ముక్కూ, ఆ దొప్ప చెవులూ మీ బొమ్మలోవి కావు సార్, మా వాడివే. ఇక తండ్రి ఉండే జానెడు మిగిలింది. ఆ తండ్రి పగ్గాలిచ్చే చెయ్యి నేశాడు, విప్పాడు. మూడుసార్లు అట్లే చేశాడు. ఇరవై రోజులుగా పొద్దున్నే గుంటలో దిగి కూర్చుంటాడు, నాడె ముట్టడు. నిన్న గట్టిగా అడిగితే, ఆ దేవునితోనే కాలేదు, నాతో ఏమైతాది నాగవేణీ అన్నాడు. పళ్లెంలో అన్నం పెట్టి పక్కన కూర్చోవడం తప్ప నాకేమీ చేతకావడం లేదు.

అందుకే అడుగుతున్నాను. తండ్రి లేకుండా గుడ్డ అక్కడికే కోసి పంపితే తీసుకుంటారా? కథ సగంలో ఆగినట్టు ఉంటుందని తెలుసు. ఆయన ఆ గుంటలోంచి లేచి వస్తే నాకదే పదివేలు.

మేడమ్ గారికి నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మీ మేలు మరవని
నాగవేణి

తా.క.: సార్, కవరు అంటించి మళ్లీ విప్పాను. పైన అడిగింది కొట్టేయండి.

తాళం ఆయన ఇవ్వలేదు. వాడికి దొరకకూడదని దారపు కండెల బుట్ట అడుగున దాచి బజారుకు పోయాడు. తీసిచ్చింది నేను, ఈ ఆకుపచ్చ గాజుల చెయ్యే. డిప్లొమా పాసైతే ఒక్కరోజు బండి ఇస్తానని వాడి తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసి ఉన్నాను. ఆ పొద్దు, వద్దు నాయనా, బస్సులో పో అని ఎంత బతిమాలినా, నా తల మీద ఒట్టేసినావు గదమ్మా అన్నాడు. ఒట్టు తప్పితే వాడి తలకే చుట్టుకుంటుందని భయపడి ఇచ్చాను సార్. వాడు బాగుండాలనే ఇచ్చాను. నుదుట కుంకుమ పెట్టి, మెల్లగా పో అని చెప్పింది కూడా నేనే.

వదిన నిలదీసినప్పుడు ఆయన నా వైపు ఒక్కసారి చూసి, నేనే ఇచ్చినా అన్నాడు. నేను నోరు తెరవలేదు. ఈ మూడేళ్లలో మా ఇద్దరి మధ్య కూడా ఆ మాట రాలేదు. నోటితో చెప్పడం ఇప్పటికీ నావల్ల కావడం లేదు.

కథలో ఇచ్చింది తండ్రేనని నాకు తెలుసు. అయినా గుడ్డ అడిగింది మీరు, మీ మాట ఆయన కాదనడు. ఈసారి ఫోన్ నేనే ఎత్తి ఆయన చెవి దగ్గర పెడతాను. పగ్గాలిచ్చే చేతికి నాలుగు ఆకుపచ్చ గాజులు నెయ్యమని చెప్పండి. ఎందుకని ఆయన అడగడు.