దిబ్బా బజారులో మద్రూబా

ఖోర్ ఫక్కాన్

నా తల్లి మైథాకు మీ నాన్న సలాం, దీవెనలు. అల్లా దయవల్ల ఇక్కడ మేమంతా కులాసా. మీ సలామా అత్తకు మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం అలాగే ఉంది. బుసాన్‌లో చలి ముదిరిందని రాశావు. నేను పంపిన ఉన్ని దుప్పటి కప్పుకుంటున్నావా, పెట్టెలోనే దాచావా?

సెలవులకు నీతో నీ కొరియా స్నేహితురాలు సూజిన్ కూడా వస్తోందని, మన తిండి ఎక్కడ తినిపిస్తే బాగుంటుందో కనుక్కోమని అడిగావు. మీ అమ్మ పోయాక మన పొయ్యి మీద టీ, గుడ్లు తప్ప మరేదీ ఉడకలేదు. అందుకే నేనే తిరిగి, తిని చూసి రాస్తున్నాను.

దుబాయ్‌లో దిగగానే ఫహీదీ పాత ఇళ్ల దగ్గరికి వెళ్లండి. పొద్దుటి పూట బలాలీత్ అక్కడే తినాలి. తీపి సేమియా మీద ఆమ్లెట్ ఏమిటని సూజిన్ మొహం చిట్లిస్తుంది. రెండో ముద్దకు సర్దుకుంటుంది. హరీస్ మాత్రం హోటల్లో వద్దు. గోధుమా మాంసమూ విడదీయలేనంతగా కలిసిపోయేదాకా ఉడకాలి, వాళ్లకంత ఓపిక లేదు. మీరొచ్చాక అత్త మనవడి పెళ్లి ఉంది, అక్కడ తినండి. సూజిన్‌కు వేరే పిలుపు అక్కర్లేదు, పెళ్లి హరీస్ ఎవరికైనా పెడతారు.

మద్రూబా కోసం దిబ్బా ఊరికి వెళ్లాను. చలికాలం కదా, సముద్రం ఒడ్డున ఆడవాళ్లు బజారు పెట్టారు. అఫ్రా అని ఒకావిడ అన్నంలో ఉప్పుచేప వేసి కర్రగరిటెతో మెదుపుతోంది. భర్త పోయి చాలా కాలమైందట, పిల్లలు ఎవరి సంసారాలు వాళ్లు చూసుకుంటున్నారు. నేను రుచికని ఒకసారి పెట్టించుకుని, మళ్లీ గిన్నె చాపాను.

"ఏమయ్యా, రుచి చూడటమేనా, కూర్చుని తినేదుందా?" అంది.

"మా అమ్మాయి స్నేహితురాలు వస్తోంది. తన కోసం చూస్తున్నాను."

"ఆ పిల్లకి మిగిల్చేలా లేవే. కూర్చో, రొట్టె కూడా వేస్తాను."

ఇక అసలు సంగతి. ఫోన్లో చెబితే నువ్వు ఏడుస్తావు, నేను మాట మార్చేస్తాను. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఆ మద్రూబా మీ అమ్మ చేసినట్టు లేదు. ఎండునిమ్మ పులుపు ఎక్కువ, మిరియాల ఘాటూ ఎక్కువే. మీ అమ్మ చేతి రుచే తగిలి ఉంటే ముద్ద దిగక లేచి వచ్చేసేవాణ్ణి. అలా లేదు గనకనే మరుసటి శుక్రవారం జుమ్మా నమాజయ్యాక మళ్లీ వెళ్లాను. ఆ తరవాతా వెళ్లాను. చివరికి అత్తను పంపి, నన్ను పెళ్లి చేసుకుంటుందేమో అడిగించాను.

"మీ తమ్ముడు కూతురికి చెప్పాడా?" అని అడిగిందట అఫ్రా.

"అమ్మాయి వచ్చాక ఇక్కడికే భోజనానికి తీసుకొచ్చి, అప్పుడు చెప్తాడటమ్మా."

"వద్దండి. తెలియకుండా నా ముందు కూర్చోబెట్టి, తిన్నాక చెప్తే ఆ పిల్లకి ఆ తిండి ఒంటబట్టదు. ముందు చెప్పమనండి. ఆ తరవాతే నా జవాబు."

అత్త తిరిగొచ్చి, "నీకంటే ఆవిడకే బుద్ధుందిరా ఉబైద్" అంది. ఆ రాత్రే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

మీ అమ్మ బట్టలు, అత్తరు సీసాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నువ్వు తీస్తే తప్ప ఎవరూ తీయరు. నీకు కోపం వస్తే రానీ, తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ ఉత్తరం రాయడం మానకు. నీకు ఇష్టం లేదంటే పెళ్లి మాట మళ్లీ ఎత్తను. అయితే మైథా, నీ దగ్గర అబద్ధమాడలేను. నువ్వు వద్దన్నా సరే, శుక్రవారం మధ్యాహ్నాలు ఆవిడ దగ్గర భోజనానికి మాత్రం వెళ్తాను.

ఇట్లు,
నీ జవాబు కోసం చూస్తూ
మీ నాన్న ఉబైద్