ఖాళీ కుర్చీలో కెప్టెన్ టోపీ

1991 జూలై 2, మంగళవారం
సూరి మూతి అలాగే ఉంది, ఎడమ పక్కకి వంకరపోయి. గంజి సగం లోపలికి, సగం తువ్వాలు మీదకి. డాక్టరు ఇవాళా అదే మాట... "చూద్దాం."
బొంబాయి నుంచి టెలిగ్రాం. సీరియల్ ఆగదట. ఆకాశనౌకకి సూరి బదులు కొత్త కెప్టెన్ కావాలి. షెడ్‌లో రైల్వే డ్యూటీ వదిలి, జీతం లేని సెలవు పెట్టి బొంబాయి వెళ్లి తెచ్చుకున్న వేషం. నా తమ్ముడికి మిగిలింది అదొక్కటే.
రామా, నువ్వే దిక్కు.

జూలై 4
సూరి మాట ఫోన్లో తెలియదు. బూత్‌కి నేనే వెళ్లాను. డైరెక్టరు రెండు దారులు చెప్పాడు. పేలుడులో ముఖం కాలిందని కట్లు కట్టి, విప్పేసరికి వేరే మనిషి. లేదా కెప్టెన్ చనిపోతాడు — సూరి ఫొటోకి దండ వేసి అందరూ సెల్యూట్. "అడిగి చెప్పండి దీదీ."

జూలై 5
చెప్పాను. వాడు చొంగ తుడుచుకుంటూ, ముక్కముక్కగా — "కెప్టెన్ని సంపీమను అప్పా. నా పేరెట్టుకుని ఇంకొకడు తిరిగితే నాను చూళ్లేను."
"నా నోటితో ఆ మాట అనన్రా."
"నాటకమే గదా!"
నాటకమే. అయినా, బతికున్నవాడి ఫొటోకి దండ...
అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

జూలై 6
"బోలియే, దీదీ." చెప్పమంటున్నాడు డైరెక్టరు. బూత్ మీటరు తిరుగుతోంది. చివరికి అన్నాను — తప్పిపోయాడని చూపించండి. వెతుకుతున్నారని చూపించండి.
అటు నుంచి — "అచ్ఛా."
సూరికి చెప్పాను. కంచం పక్కకి నెట్టాడు.

జూలై 21, ఆదివారం
ఇంటినిండా కాలనీ పిల్లలు. టీవీలో కెప్టెన్ కుర్చీ ఖాళీ. అందులో వాడి టోపీ. కింది ఆఫీసరు కూర్చోడు, పక్కన నిలబడే హుకుం ఇస్తాడు. దండ లేదు. దణ్ణం పెట్టుకున్నాను.
పక్క క్వార్టర్ పైడమ్మ వదిన — "ఆకాశంలో తప్పిపోడమేటమ్మా! నిద్దరోయి మన ఉస్లాపూర్ టేసన్లో దిగిపోయుంటాడు."
సూరి నవ్వాడు. సగం మూతితో.

జూలై 24
అన్నం తిన్నాడు. అద్దం అడిగాడు. ఇవ్వలేదు.

ఆగస్టు 11, ఆదివారం
మళ్లీ ఖాళీ కుర్చీ. పిల్లలు వాడినే అడుగుతారు — "అంకుల్, మిలే క్యా?" దొరికావా అని.
స్నానాల గది తలుపు వేసుకుని కెప్టెన్ మాటలు పలుకుతున్నాడు. ఒక్కటీ తిన్నగా రాదు. మళ్లీ మొదలు. మళ్లీ. బయట నేను — రామ రామ రామ. ఆ గొంతు వినలేకపోతున్నాను. వినకుండానూ ఉండలేను.

ఆగస్టు 13
డైరెక్టరు బూత్‌కి ఫోన్ చేసి పిలిపించాడు. మంచివాడే. "దీదీ, ఎన్నాళ్లని వెతకమంటారు? పైవాళ్లు ఊరుకోవడం లేదు. రేపు పొద్దున్న చెప్పండి — వెతకడం ఆపేసి దండ వేయమంటారా?"
ఆసుపత్రికి వెళ్లాను. ఎప్పటికి తగ్గుతుందండీ? "చెప్పలేం."
ఇంటికొచ్చి అంతా చెప్పాను. సూరి మళ్లీ అద్దం అడిగాడు. ఈసారి ఇచ్చాను. చాలాసేపు చూసుకున్నాడు. మంచం మీద బోర్లించాడు.
"నువ్వే సెప్పీ అప్పా."
ఏం చెప్పమన్నావురా? మళ్లీ అడిగాను. కళ్లు మూసుకున్నాడు.

ఆగస్టు 14
దీపం పెట్టాను. వాడు ఇంకా లేవలేదు — లేదా లేచీ లేవనట్టు... బూత్ తెరిచే ఉంటుంది. ఆ మాట నా నోటితో అనాలో వద్దో దారిలో తేల్చుకోవాలి. చెప్పులు వేసుకున్నాను.