సుమతి కంప్యూటరులో ప్రాసెసర్ మార్చిన సంగతి

తార్నాక,
శుక్రవారం సాయంత్రం.

ఈ రోజు పనులు: తాగే నీళ్ళు పట్టడం, రెండు బకెట్ల బట్టలు, కందిపొడి, కరెంటు బిల్లు, కంప్యూటరు దుకాణం. అన్నీ అయ్యాయి.

అక్కా,

నమస్కారం. ఇక్కడ ముగ్గురం బాగున్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారు మాత్రలు వేళకు వేసుకుంటున్నారా?

నంద్యాల వదిలి ఎనిమిది నెలలైంది. మీ మరిది యూనివర్సిటీ ఆఫీసుకు, సుమతి ల్యాబుకు వెళ్ళాక ఇల్లు బోసిగా ఉంటుంది. సాయంత్రం క్యాంపస్‌లో నడిచి వస్తాను. పలకరించేవాళ్ళు ఇద్దరు దొరికారు, దిగులు పడకు. ఎండలు మాత్రం మన ఊరిని గుర్తు చేస్తున్నాయి.

సుమతి పిహెచ్‌డి కోసం చేసే వానల లెక్కలు పాత ల్యాప్‌టాప్‌లో సగానికే ఆగిపోతున్నాయని చెప్పాను కదా. నెలాఖరుకు ఫలితాలు చూపకపోతే థీసిస్ ఆరు నెలలు వెనక్కి పోతుందని వాళ్ళ మేడం అన్నారు. అందుకే డెస్క్‌టాప్ కొన్నాం.

అన్నిటికంటే ఖరీదైన ప్రాసెసర్ వద్దు, మధ్యరకం చాలు, మిగిలిన డబ్బు ర్యామ్‌కు పెట్టమని మేడమే చెప్పారు. ప్రాసెసర్ వంట చేసే మనిషి అయితే ర్యామ్ వంటగట్టు అని నేను అర్థం చేసుకున్నాను. గట్టు ఇరుకైతే మనిషి ఎంత చురుకైనా పని సాగదు. తర్వాత ఇంకొంత ర్యామ్ చేర్చుకోవడానికి బోర్డులో ఖాళీ కూడా చూసుకున్నాం.

అంతవరకు బాగానే ఉంది. దుకాణాయన రాసిచ్చిన పట్టీలో గ్రాఫిక్స్ కార్డు అని ఒక వరుస ఉంది. అది కంప్యూటరు ఆటలకని విన్నాను, మన ఇంట్లో ఆడేవాళ్ళెవరని కొట్టేశాను. సుమతి తనే బిగిస్తానంది కాబట్టి బిగింపు కూలీ కూడా కొట్టేశాను. మంగళవారం అన్నీ అమర్చి స్విచ్ వేస్తే ఫ్యాను తిరిగింది గానీ తెర నల్లగానే ఉంది. వైర్లన్నీ తీసి మళ్ళీ పెట్టింది. ఎంతసేపటికీ అంతే. చివరకు పట్టీ అడిగి తీసుకుని చూసింది.

"అమ్మా, ఈ రకం ప్రాసెసర్‌కు బొమ్మ చూపించే శక్తి ఉండదే. అందుకే కార్డు రాశాడాయన. ఇదేమన్నా సరుకుల చీటీనా, నీకిష్టమొచ్చింది కొట్టేయడానికి?"

విప్పిన పెట్టె వెనక్కి తీసుకోరని అందరూ అంటారు. దాని ఆరు నెలలు నా పెన్నుతో పోయాయనుకున్నాను. ఆ పూట అన్నం సయించలేదు.

బుధవారం ఇద్దరం వెళ్ళాం. తప్పు నాదేనని ముందే చెప్పి, కార్డు వాయిదాల మీద కొంటానన్నాను. ఆయన ప్రాసెసర్‌ను తన యంత్రంలో పెట్టి చూశాడు.

"నడుస్తున్నదమ్మా. కార్డు దండగ, అది మస్తు పిరం, శాన పైసలైతయి. బొమ్మ వచ్చే ప్రాసెసర్ మొన్న లేకుండె, నిన్ననే వచ్చింది. తేడా ఇచ్చి గదే తీస్కపోండి. గిది ఇంకొకరికి కార్డుతోని అమ్ముకుంట."

ఆ తేడా కూడా చేతిలో లేదంటే, తర్వాత ఇవ్వమన్నాడు. ఇంటికొచ్చి బిగించగానే తెర వెలిగింది. గురువారం పొద్దున మొదలుపెట్టిన లెక్క మధ్యాహ్నానికల్లా పూర్తయింది. సుమతి ఫలితాలు మేడంకు చూపించి వచ్చి, రెండోసారి అన్నం వడ్డించుకుంది. నా గుండె కుదుటపడింది. ఇక మా గురించి బెంగ పెట్టుకోకు.

వచ్చేవాళ్ళుంటే కొంచెం జొన్నపిండి పంపు, ఇక్కడి పిండితో రొట్టె విరిగిపోతోంది. బావగారికి నమస్కారాలు చెప్పు. సుమతి థీసిస్ ఒడ్డెక్కాలని మీరిద్దరూ దీవించండి.

నీ చెల్లెలు
పద్మజ

దుకాణానికి ప్రాసెసర్ తేడా పద్దెనిమిది వందలు. ఈ పొద్దున ఇచ్చాను. చెల్లు.