పక్క మంచం బిడ్డ

మ్పాలే గ్రామం, సరస్సు ఒడ్డు
మార్చి 12, శనివారం

నా మనవరాలికి మొగుడు, ఆ లెక్కన నాకు చిన్న మొగుడు అయిన లింబానికి,

అమ్మమ్మ ఫలెసీ దీవెనలు. మేం తెల్లారి లేచాం, నువ్వూ లేచి ఉంటే సంతోషం. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద. ఈ ఇంట్లో అందరూ క్షేమంగా లేరని నీకూ తెలుసు కాబట్టి ఆ మర్యాదని ఈసారికి పక్కన పెడుతున్నాను.

ఫోనుండగా ఉత్తరమేమిటి ఈ ముసల్దానికి అనుకుంటావు. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఓడ ఇంజను కింద ఉన్నానమ్మమ్మా, తర్వాత మాట్లాడతా అన్నావు. మూడు వారాలుగా ఇంజను కిందే కాపురం పెట్టినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను. ఉత్తరాన్ని అలా కట్ చెయ్యడం కుదరదు. మీ పెద్దపిల్ల తదాలా నోటుపుస్తకంలోంచి కాగితాలు చింపి నా చేత్తో నేనే రాస్తున్నాను. ఎండుచేపలమ్మే డోరికా మీ రేవుకి వస్తోంది, నీ చేతిలోనే పెట్టమన్నాను. చివరిదాకా చదువు. మధ్యలో కోపమొస్తే కాసేపు ఆగి మళ్ళీ చదువు.

ముందు నీ పెళ్ళాం తియామికే సంగతి. ఒంటికి ఇప్పుడు బాగానే ఉంది. మధ్యలో బాగాలేదు, ఆ పాపం నాదే. మూడో రోజుకి పాలు పొంగుకొచ్చాయి. బిడ్డ లేదని రొమ్ములకి ఎవరు చెబుతారు? మా అమ్మ మాకు చేసినట్టే నేనూ నడుముకి చుట్టుకునే చితెంజే గుడ్డ చింపి ఛాతీకి బిగించి కట్టాను. ఎంత బిగిస్తే అంత తొందరగా ఇంకిపోతాయని మా కాలపు నమ్మకం. నువ్వు వెళ్ళిన మర్నాటికి పిల్ల ఒళ్ళు కాలిపోయింది. ఆస్పత్రి నుంచి నర్సు ఎస్నాట్ వచ్చి ఆ కట్టు చూసి, ఇది బాలింతా, సంతకి కట్టిన మూటా అమ్మమ్మా అని నన్ను దులిపేసింది. నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో పురుళ్ళు పోసినదాన్ని, నిన్నగాక మొన్న వచ్చిన పిల్లచేత మాటలు పడ్డాను. పడాల్సిందే. కట్టు విప్పించి, చల్లటి తడిగుడ్డలు వేసి, క్యాబేజీ ఆకులు పెట్టమంది. మరీ బరువెక్కితే నొప్పి తగ్గేంతవరకే పిండాలట, మొత్తం పిండేస్తే మళ్ళీ ఊరతాయట. మాత్రలిచ్చింది. జ్వరం పోయింది, పాలు తగ్గుముఖం పట్టాయి. తదాలా మాత్రం క్యాబేజీ కూర ముట్టడం లేదు. అది అమ్మ మందు, మనం తినకూడదు అంటుంది.

ఈ ఆడవాళ్ళ సంగతులు నాకెందుకు అనకు. మళ్ళీ జ్వరమొచ్చినా, రొమ్ము ఎర్రబడి గట్టిపడినా, రక్తం ఎక్కువగా పోతున్నా నువ్వు గుర్తుపట్టాలి. అప్పుడు నన్ను సలహా అడగొద్దు, సైకిలెక్కించుకుని నేరుగా ఆస్పత్రికి తీసుకుపో.

తదాలా విషయంలోనూ నేనే తప్పు చేశాను. చెల్లి నిద్రపోయింది అని చెప్పాను. అయిదేళ్ళ పిల్ల, నమ్మింది. దాంతో కళ్ళు మూయడం మానేసింది. తను పడుకోదు, అమ్మ కాస్త కునుకు తీస్తే గిల్లి లేపుతుంది. చివరికి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చెల్లి చాలా చిన్నగా పుట్టింది, ఒంట్లో బలం చాల్లేదు, చనిపోయింది, ఇక రాదు అని ఉన్నదున్నట్టు చెప్పాను. చాలాసేపు నా గాజులు తిప్పుతూ కూర్చుని, నేను అమ్మ పొట్ట మీద కూర్చున్నాను కదా, అందుకేనా అని అడిగింది. అన్ని రోజులూ ఆ పిల్ల ఆ బరువు మోస్తోంది లింబానీ. కాదు తల్లీ, నీవల్ల కాదు, ఎవరివల్లా కాదు అన్నాను. నువ్వూ వచ్చాక అదే మాట చెప్పు. ఒకసారి చెబితే సరిపోదు.

బిడ్డ కోసం కుట్టిన బట్టల్ని చర్చి ఆడవాళ్ళు మూటగట్టి తీసుకుపోబోయారు, కళ్ళెదుట ఉంటే బాధని. తియామికే మూటలోంచి ఉన్ని టోపీ ఒకటి లాక్కుంది. అది దిండు కింద పెట్టుకుంటోంది. నువ్వు చూసినా ఏమీ అనకు. మిగతావి ఉంచాలో ఇచ్చెయ్యాలో ఆమె చెప్పినప్పుడు చేద్దాం. వయసుంది, ఇంకొకరు పుడతారులే అని మాత్రం అనకు. మొన్న పాస్టరుగారి భార్య ఆ మాటే అని పుండు మీద కారం చల్లి పోయింది. ఆవిడ మంచిదే, థోబ్వా జావ కాచి తెచ్చింది, నోరే మంచిది కాదు.

ఇంకొకరంటే గుర్తొచ్చింది. ఏడాదైనా ఆగండి, తొందరపడకండి. ఎస్నాట్ అంది, నేనూ అంటున్నాను. పక్కన పడుకో, కబుర్లు చెప్పు. చేతులు ఎక్కడ పెట్టుకున్నావని అడిగే చనువు నాకుంది, అడుగుతాను కూడా.

ఇక నీ సంగతి. ఆ గురువారం మధ్యాహ్నం నువ్వు బస్సు దిగి నేరుగా శ్మశానం దారి పట్టావు. నేనే అడ్డం నిలబడ్డాను. ఇంకా తంతు చేసి ఇంట్లోకి ఎత్తుకోని బిడ్డని పూడ్చడం ఆడవాళ్ళ పని, మగవాళ్ళు రాకూడదు, చోటు కూడా అడక్కూడదు అన్నాను. నువ్వు సంచి కిందపెట్టి అక్కడే నిలబడిపోయావు. ఆ సంచిలోంచి పసిపిల్లల పౌడరు డబ్బా మూత కనబడుతూ ఉంది, ఎప్పుడు కొని దాచుకున్నావో. మూడు రోజులున్నావు. నీ పెళ్ళాం గోడ వైపు తిరిగి పడుకుంది, నువ్వు గుమ్మంలో కూర్చున్నావు. నేను సమయానికి రాలేదని దానికి నామీద కోపం అని నాతో అన్నావు. ఆదివారం వెళ్ళిపోయావు.

ఆ ఆచారం నేను పెట్టింది కాదు గానీ, దాన్ని కాస్త వంచే వయసు నాకొచ్చింది. ఊళ్ళో పెద్ద ఆడవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడాను. ఇద్దరు గొణిగారు, ఒకామె ఏడ్చింది. తన నలుగురు పిల్లల్లో ఇద్దరు అక్కడే ఉన్నారు, మొగుడు ఏ చోటో తెలియకుండానే పోయాడట. నువ్వొస్తే నిన్నూ తియామికేనీ నేనే తీసుకెళ్ళి చోటు చూపిస్తాను. మూడు నల్లరాళ్ళు పెట్టి గుర్తు ఉంచాను.

రావడానికి ఇంకో కారణం ఉంది, దానికి గడువు కూడా ఉంది. ఆస్పత్రిలో కాగితాలు రాయించాలి. ఒకటి కాదు, రెండు. జననం కాగితం ఒకటి, మరణం కాగితం ఒకటి. పుట్టిన ఆరు వారాల్లోపు ఇవ్వాలట, అంటే ఇంకో రెండు వారాలకి కాస్త పైన. ఎస్నాట్ అన్ని గడులూ నింపి పెట్టింది, ఒక్కటి తప్ప. పేరు గడి. అది ఖాళీగా ఉంచమని తియామికేయే చెప్పింది. ఆయనొస్తే ఇద్దరం కలిసి పెడతాం, రాకపోతే ఖాళీగానే పోనీ అంది. ఈ మూడు వారాల్లో ఆమె నాతో మాట్లాడిన మాటల్లో అదే పొడుగైనది. ఆ గడి ఖాళీగా పోతే నీ కాపురంలో కూడా ఒక గది ఖాళీగా ఉండిపోతుందని నా భయం.

కాబట్టి ఇది చదవగానే మీ పెద్దాయన్ని సెలవు అడుగు. ప్రసవం ప్రసవమే, బిడ్డ ఉన్నా లేకపోయినా. రేవులో వాళ్ళు ఏం పిల్ల పుట్టింది అని అడిగితే ఇంజను కింద దూరకు. కూతురు పుట్టింది, చనిపోయింది అను. రెండు మాటలూ అను, మొదటిది మింగెయ్యకు. వాళ్ళకి ఏమనాలో తెలియకపోతే అది వాళ్ళ తంటా. లింబానీ అని నీ పేరు పెట్టినవాళ్ళు, ఆ పేరుకి అర్థం ఉన్నట్టే, గట్టిగా ఉండమన్నారు గానీ రాయిలా ఉండమనలేదు నాయనా. వచ్చేటప్పుడు చేతులూపుకుంటూ రా, ఏమీ తేవద్దు. లేదా ఆ పౌడరు డబ్బా తీసుకురా. దాన్నేం చెయ్యాలో మీ ఇద్దరూ తేల్చుకోండి.

నిన్ను దారిలో అడ్డుకున్నందుకు సిగ్గుపడుతూ, మళ్ళీ అదే దారిలో నీకోసం చూసే
నీ ముసలి పెళ్ళాం,
ఫలెసీ

తా.క.
సంతకం చేశాక కలం మూత పెట్టాలి. పెట్టలేకపోయాను. ఊపిరి లేకుండా పుట్టిన బిడ్డకి రెండు కాగితాలెందుకు అని నువ్వు ఈపాటికి అనుకునే ఉంటావు.

నీ కూతురు ఊపిరితోనే పుట్టింది. మంగళవారం పొద్దు వాలే వేళ ఆస్పత్రిలో పుట్టి, బుధవారం మధ్యాహ్నం మూడింటిదాకా ఉంది. నెలలు నిండలేదు, నా రెండు అరచేతులంతే ఉంది. ఎస్నాట్ దాన్ని తియామికే గుండెల మీద ఒంటికి ఒళ్ళు ఆనించి పడుకోబెట్టింది.

బుధవారం పొద్దున నువ్వు ఫోన్ చేశావు. అప్పటికే ఎస్నాట్ నన్ను బయటికి పిలిచి, ఆశ పెట్టుకోకు అమ్మమ్మా అని చెప్పింది. నువ్వు నవ్వుతూ బస్సెక్కి ఏడుస్తూ దిగడం చూడలేననుకున్నాను. ఇంకా పుట్టలేదు అన్నాను. ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి సాయంత్రం ఇంకోటి ఆడాను, ఊపిరి లేకుండా పుట్టిందని. తియామికే చేత కూడా ఒట్టు వేయించుకున్నాను. అది నీవైపు చూడనిది కోపంతో కాదు, చూస్తే చెప్పేస్తుందని. ఛాతీ కట్టినట్టే దాని నోరూ కట్టాను. ఆ కట్టు ఎస్నాట్ విప్పింది, ఈ కట్టు నేను విప్పాలి. నీకు రాస్తున్నానని దానికి ఇందాకే చెప్పాను. పుట్టింటి గోడలు కదిలేలా ఏడ్చింది.

ఆ పొద్దున నిజం చెప్పి ఉంటే నువ్వు రెండింటి బస్సుకి దిగేవాడివి. ఆ గంట నీ దగ్గర కాజేసింది నేను. నన్ను తిట్టు, పడతాను. కానీ వచ్చి తిట్టు.

ఇంకొక్కటి. ఫోన్లో నీ వెనక ఇంజన్ల మోత, అయినా నీకు వినబడింది. ఎవరిదమ్మమ్మా ఆ సన్నటి ఏడుపు అన్నావు. పక్క మంచం బిడ్డలే అన్నాను. ఎవరి బిడ్డయితేనేం, ఆకలేమో, కాసిని పాలు పట్టమనండి అన్నావు.

ఆ రోజు పక్క మంచం ఖాళీ. నీ మాట తియామికేకి చెప్పాను. రెండు చుక్కలు పిండి వేలి కొసతో పెదాలకి అందించింది. నీ కూతురు మింగింది.