అసలు హద్దురాయి తుమ్మల అవతల ఉంది

స్తుతీ,

గంజి పొయ్యి మీద ఉంది, తాగి పో. పదింటికి సర్వేవాళ్లు కుంట కాడికి వస్తరని నిన్న నీ దోస్తులు అంటుంటే విన్న. మీరు ఎర్రరంగు పూసి జెండాలు కట్టినవి కుంట హద్దురాళ్లు కావు. పోయినేడు ప్లాట్లమ్మే వెంచరోళ్లు పాతిన రాళ్లు. వాటినే చూపిస్తే సగం కుంట మీ చేతులతోనే ప్లాట్లకు పోతది. అసలు రాయి ఇంకా పైన, తుమ్మల అవతల ఉంది. కుంట నిండిననాడు నీళ్లు దాని మొదలు దాకా వచ్చేవి.

ముప్పై ఏండ్లు ఆ కుంట తూము తెరిచి మూసిన నీరటిని, నేను ఇంట్లనే ఉన్న. మొన్న చెప్పబోతే, "జర ఆగు బాపూ, ఫోన్ల మ్యాప్ ఉంది" అన్నవ్. మ్యాప్ ఏనాడన్న బురదల దిగిందా?

రంగు డబ్బా నేను తీసుకపోయిన. రాయికి పూసి అక్కడనే నిలబడుత. ఊరి కోసం కాదు. మీ అమ్మ శవపెట్టె మోయడానికి నలుగురు రాని ఊరు ఇది. పదిమందిల నీ మాట తప్పు కావద్దని పోతున్న.

తలుపు వెనక మీ అమ్మ గొడుగు ఉంది. ఇన్నాళ్లు ఎవ్వరినీ ముట్టనియ్యలే. ఎండ మస్తుంది, నువ్వు పట్టుకరా.